ఎన్వలప్ ఎడిటింగ్ బాగుచేస్తున్నా: ప్రాజెక్టు డైరీ

రోజు 1

ఖాళీ టైంలో రాసుకుంటున్న నా మల్టీట్రాక్ ఎడిటర్‌లో రికార్డింగ్, కటింగ్, ఫేడ్లు అన్నీ బానే నడుస్తున్నాయి, ఆటోమేషన్ (పాట నడుస్తుండగా వాల్యూమ్ లాంటివి ఎక్కడ ఎంత ఉండాలో ముందే రాసి పెట్టడం) దగ్గరికి వచ్చేసరికే చిరాకు మొదలవుతోంది. ఆ రాతని పాయింట్లు కలిపిన గీతగా చూపిస్తా, దాన్నే ఎన్వలప్ అంటారు. నిన్న రాత్రి ఒక వోకల్ ట్రాక్ మిక్స్ చేస్తుంటే ఒక లైన్‌లో చివరి మాట మింగేసినట్టు వినపడింది, పాడేవాళ్లకి ఊపిరి చాలక లైన్ చివర్లో గొంతు తగ్గిపోతుంది కదా, అది. ఆ ఒక్క మాటని 2 డీబీ (డెసిబెల్, శబ్దం స్థాయికి కొలత) లేపాలి, పని అంతే. దానికోసం మాట మొదలయ్యే చోట ఒక పాయింట్ పెట్టా, అయిపోయే చోట ఒకటి పెట్టా, మొదటిదాన్ని పైకి లాగగానే దాని ముందున్న లైన్ మొత్తం ఏటవాలుగా లేచిపోయింది, ఎందుకంటే దానికంటే ముందున్న పాయింట్ ఎక్కడో 9 సెకన్ల వెనకాల ఉంది. సో ముందు ఇంకో పాయింట్, వెనక ఇంకో పాయింట్, ఇలా నాలుగు పాయింట్లు పెట్టి మధ్యలో రెండిటినీ సెలెక్ట్ చేసి లాగితే అప్పటికి ఒక మాట లేచింది. లెక్కపెడితే 11 క్లిక్కులు. ఒక పాటలో ఇలాంటి మాటలు అరవై డెబ్బై ఉంటాయి తేలిగ్గా.

అందుకే ఇవాళ్టి నుంచి వేరే ఫీచర్లన్నీ పక్కన పెట్టి ఎన్వలప్ ఎడిటింగ్ ఒక్కటే పట్టుకుంటున్నా. ఏ రోజు ఏం చేశానో ఇక్కడ రాస్తా, సొంతంగా ఆడియో సాఫ్ట్‌వేర్ రాసుకునేవాళ్లకి పనికొస్తుందని.

రోజు 2

ఎడిటింగ్ ముట్టుకునే ముందు అసలు ఎన్వలప్ లోపల ఏముందో చూసుకున్నా. నా కోడ్‌లో పాయింట్ అంటే రెండు నంబర్లు, టైం ఒకటి, వాల్యూ ఒకటి. వాల్యూని గెయిన్‌గా, అంటే శబ్దాన్ని ఎంతతో గుణించాలో ఆ నంబర్‌గా దాచుతున్నా, 1.0 అయితే ఉన్నదున్నట్టు, 0.5 అయితే సుమారు 6 డీబీ తగ్గినట్టు. రెండు పాయింట్ల మధ్య స్ట్రెయిట్ లైన్. ఆడియో ఇంజిన్‌కి ఇది చాలా సుఖం, గుణించేస్తే చాలు. కానీ చెవికి సుఖం కాదు.

ఒక సెకనులో 0 డీబీ నుంచి మైనస్ 60కి దిగే ఫేడ్ తీసుకోండి. గెయిన్‌లో స్ట్రెయిట్ లైన్ గీస్తే సరిగ్గా సగం టైంకి గెయిన్ 0.5005 దగ్గరుంటుంది, అంటే మైనస్ 6 డీబీ మాత్రమే. మిగతా 54 డీబీ మొత్తం రెండో సగంలో పడుతుంది, అందులోనూ చాలా వరకు చిట్టచివర్లోనే. వింటే చాలాసేపు ఏమీ జరగనట్టుండి చివర్లో ఠక్కున మాయమైపోతుంది. అదే డీబీలో స్ట్రెయిట్ లైన్ అయితే సగం టైంకి మైనస్ 30, దిగడం ఒకే తీరుగా వినపడుతుంది. స్క్రీన్ మీద నేను లేన్‌ని (ఎన్వలప్ గీత కనపడే పట్టీని) డీబీ స్కేల్‌లో చూపిస్తూ లోపల గెయిన్‌లో లెక్క వేస్తున్నా కాబట్టి గీసిన గీత ఒకటి, వినపడేది ఇంకోటి. ఇన్నాళ్లూ ఫేడ్ ఎందుకో సరిగా లేదు అనిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు వాల్యూలన్నీ డీబీలోకి మార్చేశా. ఒక్క చిక్కు ఉంది, పూర్తి సైలెన్స్ అంటే డీబీలో మైనస్ ఇన్ఫినిటీ, దానికి గీత గీయలేం. మైనస్ 90ని నేల అనుకున్నా, అక్కడికి చేరిన పాయింట్‌ని పూర్తి సైలెన్స్‌గా లెక్కేస్తున్నా. ప్యాన్ (శబ్దం ఎడమకా కుడికా అన్నది) లాంటివాటికి డీబీ లెక్క వర్తించదు కాబట్టి ప్రతి ఎన్వలప్‌కీ ఏ స్కేల్‌లో ఇంటర్‌పొలేట్ చేయాలో (పాయింట్ల మధ్య వాల్యూలు లెక్కేయాలో) దానికే ఒక సెట్టింగ్ పెట్టా.

రోజు 4

ఇవాళ ఒక బగ్ పట్టుకున్నా, దీని గురించి కాస్త వివరంగానే రాస్తా ఎందుకంటే దీన్ని వెతకడానికి రోజున్నర పట్టింది.

ట్రాక్ ఒకచోట టక్కున మ్యూట్ అవ్వాలంటే ఒకే టైంలో రెండు పాయింట్లు పెడతాం, మొదటిది 0 డీబీ, రెండోది మైనస్ 90, నిలువు గీత అన్నమాట. ప్రాజెక్ట్ సేవ్ చేసి మళ్లీ ఓపెన్ చేస్తే ఒక్కోసారి ఆ నిలువు గీత తిరగబడుతోంది. మ్యూట్ అవ్వాల్సింది పోయి ముందున్న భాగం మొత్తం మెల్లగా సైలెన్స్‌లోకి జారి, అక్కడ టక్కున ఫుల్ వాల్యూమ్‌కి లేచి, ఆ తర్వాత మళ్లీ జారుతోంది. ప్రతిసారీ అవ్వదు. పాయింట్లు తక్కువున్న ప్రాజెక్టుల్లో అస్సలు అవ్వదు.

తీరా చూస్తే ఫైల్ లోడ్ అయ్యాక పాయింట్లని టైం ప్రకారం సార్ట్ చేస్తున్నా. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు సార్ట్ ఫంక్షన్ సమానమైన వాటి వరస అలాగే ఉంచుతానని మాట ఇవ్వదు. లిస్ట్ చిన్నదైతే చాలా లైబ్రరీల్లో లోపల వేరే పద్ధతి వాడుతుంది, అందులో వరస చెదరదు, అందుకే చిన్న ప్రాజెక్టుల్లో బయటపడలేదు. వరస కాపాడే స్టేబుల్ సార్ట్‌కి మార్చా, ఒక్క పదం మార్పు. దాంతోపాటు డ్రాగ్ చేసేటప్పుడు పాయింట్ తన పక్క పాయింట్ టైం వరకు వచ్చి ఆగేలా చేశా, దాటి అవతలికి పోకుండా. ఇంతకుముందు దాటితే మళ్లీ సార్ట్ అయ్యేది, చేతిలో పట్టుకున్న పాయింట్ నంబర్ మారిపోయి డ్రాగ్ వేరే పాయింట్‌కి తగులుకునేది.

రోజు 5

అన్‌డూ. ఒక డ్రాగ్‌కి మౌస్ కదిలిన ప్రతిసారీ ఒక అన్‌డూ ఎంట్రీ పడుతోంది, ఒక్క లాగుడుకి మూడొందలు నాలుగొందలు. మౌస్ నొక్కినప్పుడు ఉన్న స్థితి, వదిలినప్పుడు ఉన్న స్థితి, ఈ రెండే దాచేలా చేశా. కీబోర్డ్‌తో నెమ్మదిగా జరిపేటప్పుడు కూడా ఒక సెకను లోపు వరసగా వచ్చిన నొక్కుళ్లన్నీ ఒకే ఎంట్రీ. ఇది మొదట్లోనే చేసి ఉండాల్సిన పని.

రోజు 8

ఫేడర్‌తో (వాల్యూమ్ జరిపే మీటతో) రికార్డ్ చేసిన ఆటోమేషన్ మీద పడ్డా. టచ్ మోడ్‌లో ఫేడర్ పట్టుకున్నంతసేపు ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒక పాయింట్ రాస్తున్నా, 3 నిమిషాలు పట్టుకుంటే 9000 పాయింట్లు. స్క్రీన్ మీద గీత కాదు, చీమల బారు. అందులో ఒకటి పట్టుకుని లాగితే సన్నటి ముల్లులా లేస్తుంది తప్ప దేనికీ పనికిరాదు.

పాయింట్లు పల్చన చేయడానికి రేమర్, డగ్లస్, ప్యూకర్ల పద్ధతి ఉంది, 1972లో, 73లో వచ్చింది, మ్యాపుల్లో గీతల్ని సింపుల్ చేయడానికి కూడా ఇదే వాడతారు. మొదటి పాయింట్‌కీ చివరి పాయింట్‌కీ ఒక గీత గీసి, దానికి అన్నిటికంటే దూరంగా ఉన్న పాయింట్ చూస్తాం, ఆ దూరం మనం ఒప్పుకునే దానికంటే ఎక్కువైతే అక్కడ రెండుగా విడగొట్టి మళ్లీ అదే పని, తక్కువైతే మధ్యలోవన్నీ తీసేయడమే. రాయడానికి ఇరవై లైన్లు.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే రెండు చోట్ల దెబ్బ తిన్నా. మొదటిది, మ్యాపుల్లో దూరం అంటే గీతకి లంబంగా కొలిచే దూరం, రెండు వైపులా మీటర్లే కాబట్టి అక్కడ సరిపోతుంది. మనకి అడ్డంగా సెకన్లు, నిలువుగా డీబీ. రెండిటినీ కలిపి వర్గమూలం తీస్తే వచ్చే నంబర్‌కి అర్థమే లేదు, టైంని మిల్లీసెకన్లలో రాస్తే ఒక రిజల్ట్, సెకన్లలో రాస్తే ఇంకో రిజల్ట్. నిలువు దూరం మాత్రమే కొలవాలి, అదే టైం దగ్గర గీత ఎంత చెబుతోంది, అసలు వాల్యూ ఎంత, తేడా ఎన్ని డీబీ.

రెండోది ఇంకా ముఖ్యం, ఈ పని గెయిన్‌లో చేయకూడదు. పాత కోడ్ మిగిలిపోయిన ఒక చోట గెయిన్‌లో 0.01 తేడా ఒప్పుకునేలా ఉంది. 0 డీబీ దగ్గర 0.01 అంటే 0.09 డీబీ కూడా లేదు, ఎవరికీ వినపడదు. అదే మైనస్ 40 డీబీ దగ్గర గెయిన్ ఉన్నదే 0.01, దానికి ఇంకో 0.01 కలిస్తే రెట్టింపు, అంటే 6 డీబీ తేడా. నా ఫేడ్ల తోకలన్నీ తినేసింది అదే. రివర్బ్ (గదిలో ప్రతిధ్వని లాంటిది) మెల్లగా ఆరిపోవాల్సిన చోట గోడ కట్టినట్టు ఆగిపోతుంటే రివర్బ్ ప్లగిన్‌ని అనుమానించా. డీబీలోకి మార్చి 0.3 డీబీ తేడా వరకు ఒప్పుకుంటే ఆ 9000 పాయింట్ల టేక్ 140 పాయింట్లకి వచ్చింది, కళ్లు మూసుకుని రెండూ మార్చి మార్చి విన్నా, నాకైతే తేడా తెలియలేదు.

మిడి కంట్రోలర్ (మీటల కదలికల్ని నంబర్లుగా పంపే పరికరం) నుంచి వచ్చిన టేకులకి మాత్రం ఇది చాలట్లేదు. మామూలు కంట్రోల్ మెసేజ్‌లో 0 నుంచి 127 వరకే ఉంటాయి, మైనస్ 60 నుంచి ప్లస్ 6 వరకు పరిస్తే ఒక్కో మెట్టు అర డీబీ పైనే. 0.3 అంటే మెట్లన్నిటినీ నిజమైన కదలికలే అనుకుని ఉంచేస్తోంది. ఆ టేకులకి ఒక మెట్టు ఎత్తంత తేడా ఒప్పుకోమని పెట్టా, మెట్లు పోయి వాలు వచ్చింది.

రోజు 11

పాయింట్లు తగ్గాయి, గీత నీట్‌గా ఉంది, అయినా మొదటి రోజు బాధ అలాగే ఉంది. ఒక మాట 2 డీబీ లేపడానికి ఇంకా నాలుగు పాయింట్లు పెట్టాల్సిందే. మిక్స్ చేసేటప్పుడు మనసులో ఎప్పుడూ పాయింట్ ఉండదు, "ఈ మాట కాస్త పైకి", "ఈ చరణం మొత్తం ఒక డీబీ కిందికి", "ఆ ఊపిరి చప్పుడు తగ్గించు" ఇలాగే ఉంటుంది. అంటే ఒక ముక్క, దానికో ఎత్తు. సో టూల్ కూడా ముక్కని పట్టుకోవాలి.

టైం రేంజ్ సెలెక్ట్ చేసి లేన్ మీద ఎక్కడ పట్టుకుని లాగినా ఆ ముక్క మొత్తం తన షేప్ చెడకుండా పైకో కిందికో కదులుతుంది. అంచుల్లో ఆ నాలుగు పాయింట్లు సాఫ్ట్‌వేరే పెడుతుంది. అంచు వాలు ఎంత ఉండాలో చాలా సేపు ట్రై చేశా, 5 మిల్లీసెకన్లయితే నిలబడిన స్వరం మధ్యలో అంచు పడినప్పుడు కుదుపు తెలుస్తోంది, 100 అయితే పక్క మాట కూడా లేస్తోంది, గొంతుకి 30 దగ్గర బాగుంది. డ్రమ్స్‌కి 5 చాలు, దెబ్బకి ముందు నిశ్శబ్దంలో అంచు పడుతుంది కాబట్టి. ట్రాక్‌కి ఒక సెట్టింగ్ ఇచ్చేశా.

రోజు 12

ముక్క అంచు ఒక వంపు మధ్యలో పడితే? నా కర్వ్ సెగ్మెంట్లకి టెన్షన్ అని ఒక నంబర్ ఉంది, టైంని ఆ పవర్‌కి ఎక్కించి వంపు తెప్పిస్తున్నా. మధ్యలో పాయింట్ పెట్టగానే వంపు ఆకారం మారిపోతోంది, ఎందుకంటే పవర్ కర్వ్‌లో ఒక ముక్క కోసి తీస్తే అది మళ్లీ అదే జాతి పవర్ కర్వ్ అవ్వదు. పాయింట్ పెట్టడం అంటే ఏమీ మారకూడదు కదా, వినేవాళ్లకి అక్కడ పాయింట్ పడిందనే తెలియకూడదు.

ఎక్స్‌పొనెన్షియల్ కర్వ్‌కి మార్చా. దీనికో మంచి గుణం ఉంది, ఎక్కడ కోసినా ముక్క కూడా ఎక్స్‌పొనెన్షియలే, వంపు నంబర్‌ని ముక్క పొడవు ఎన్నో వంతో దానితో గుణిస్తే చాలు. వంపు 4 ఉన్న సెగ్మెంట్‌ని పావు దగ్గర కోస్తే ఎడమ ముక్కకి 1, కుడి ముక్కకి 3. అంతే. కాగితం మీద రెండు లైన్లలో తేలింది, కోడ్‌లో పెట్టి కోసిన ముందు, కోసిన తర్వాత ఆడియోని ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూస్తే మిగిలింది రౌండింగ్ నాయిస్ మాత్రమే. చాలా సంతోషం వేసింది. ఒక్క జాగ్రత్త, వంపు సున్నా దగ్గరికొస్తే ఫార్ములాలో సున్నాని సున్నాతో భాగించడం అవుతుంది, అక్కడ స్ట్రెయిట్ లైన్‌కి మారిపోవాలి.

రోజు 15

ముక్క టూల్‌ని మూడు రోజులు నిజం మిక్స్ మీద వాడాను. వాడుతుంటే సుఖంగానే ఉంది, కానీ వెనక చెత్త మిగిలిపోతోంది. ఒక మాట 2 డీబీ లేపా, ఎక్కువైందని ఒకటి దించా, మళ్లీ సెలెక్షన్ కొంచెం వెడల్పు చేసి అర లేపా, ప్రతిసారీ అంచుల్లో కొత్త పాయింట్లు, పాతవి అక్కడే. లేవకుండా గీత మీదే పడుకుని ఉన్న పాయింట్లని 0.05 డీబీ లెక్కన తీసేయడం పెట్టా, సగం పోయాయి. మిగతావి పోవు, అవి గీతలో నిజంగానే భాగం అయిపోయాయి. పాటంతా అయ్యాక వెనక్కి చూస్తే ఆ మాటని నేను ఎంత లేపానో ఎక్కడా రాసి లేదు, గీతలో కలిసిపోయింది.

ఇదే వారం నా ఫ్రెండ్‌కి టెస్టింగ్‌కి ఇచ్చా. వాడికి చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో మిక్స్ చేస్తాడు, వినడంలో నాకంటే చాలా ముందున్నాడు. నా లేన్ నేను సొంతంగా గీసుకునే బొమ్మ కాబట్టి స్క్రీన్ రీడర్‌కి అక్కడ ఏమీ కనపడదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కి "ఇక్కడ ఇది ఉంది" అని మనమే విడిగా చెప్పాలి. చెప్పించా. బాణం కీ నొక్కితే "12వ పాయింట్, 1 నిమిషం 4.2 సెకన్లు, మైనస్ 3.5 డీబీ" అని చదువుతుంది. బాగా చేశానని అనుకున్నా. వాడు పది నిమిషాలు వాడి ఫోన్ చేశాడు.

"నువ్వు పాయింట్లు లెక్కబెట్టి చెప్తున్నావ్ రా, నాకు కావాల్సింది ఈ మాట ఎంత లేచి ఉందో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లేచి ఉందో."

నాకు ఆ చెత్త గురించి ఉన్న బాధా, వాడు అడిగిందీ ఒకటే. ముక్కని గీతలో కలిపేయకూడదు, ముక్కగానే దాచాలి.

రోజు 16 నుంచి 20

ఐదు రోజులు ఒకే పని. ఇప్పుడు వాల్యూమ్ ఎన్వలప్‌లో రెండు పొరలు. కింద బేస్ గీత, ఫేడర్‌తో రాసిందో చేత్తో గీసిందో. పైన ముక్కల పొర, ఒక్కో ముక్కకి మొదలు, చివర, ఎంత లేపాలి, అంచు వాలు ఎంత, ఈ నాలుగే. ప్లే చేసేటప్పుడు డీబీలో రెండిటినీ కూడతాం, గెయిన్‌లో అయితే గుణించినట్టు. బేస్ సైలెన్స్‌లో ఉంటే ఎంత కూడినా సైలెన్సే. ముక్కని తర్వాత ఎన్నిసార్లు మార్చినా బేస్ గీతలో ఒక్క పాయింట్ కూడా పడదు, డిలీట్ చేస్తే మాట పాత లెవెల్‌కి వచ్చేస్తుంది.

ఒకదాని మీద ఒకటి పడ్డ ముక్కల సంగతి తేల్చుకోవడానికి టైం పట్టింది. కూడాలా, పైది కిందిదాన్ని కప్పేయాలా? కూడటమే అనుకున్నా, చరణం మొత్తం ఒక డీబీ దించి అందులో ఒక మాట 2 లేపితే ఆ మాట 1 లేచినట్టు, మనసులో లెక్క కూడా అలాగే నడుస్తుంది.

ఆడియో క్లిప్‌ని జరిపితే దానిమీదున్న ముక్క కూడా వెంట వెళ్లాలి, ఎందుకంటే ముక్క మాటది, టైంది కాదు. ముక్క పూర్తిగా క్లిప్ లోపల ఉంటే క్లిప్‌కి అతుక్కుంటుంది, రెండు క్లిప్పుల మీదుగా ఉంటే టైమ్‌లైన్ మీదే ఉండిపోతుంది. ఈ రూల్ ఇంకా కొంచెం ఆలోచించాలి, క్రాస్‌ఫేడ్‌లో (ఒక క్లిప్ తగ్గుతూ ఇంకోటి పెరిగే చోట) పడ్డ ముక్కలకి ఇది అంత న్యాయంగా లేదు.

వేరే సాఫ్ట్‌వేర్‌కి పంపాలంటే మాత్రం రెండు పొరలూ ఒక గీతలో కలపక తప్పదు. ముక్క మధ్యభాగంలో సులువు, వంపులు అలాగే ఉంచి అన్నిటినీ పైకి జరపడమే, అంచుల దగ్గర వాలూ వంపూ కలిసి వేరే ఆకారం అవుతుంది, అక్కడ దగ్గర దగ్గరగా పాయింట్లు పెట్టి రోజు 8 పద్ధతితో పల్చన చేస్తున్నా. 12వ రోజు కర్వ్ కోయడం కూడా ఇక్కడే పనికొచ్చింది.

రోజు 22

ప్లేబ్యాక్‌లో గరగర. బఫర్ (ఇంజిన్ ఒక్కో విడతలో లెక్కేసే శాంపిల్స్ బ్లాక్) 1024 శాంపిల్స్‌లో పెట్టుకున్నప్పుడు అంచు వాలు దగ్గర సన్నగా వినపడుతోంది. ఇంజిన్ బ్లాక్‌కి ఒక్కసారే ఎన్వలప్ వాల్యూ అడుగుతోంది, 48000 హెర్ట్జ్‌లో 1024 శాంపిల్స్ అంటే 21 మిల్లీసెకన్లు, 30 మిల్లీసెకన్ల వాలు ఒకటి రెండు మెట్లు అయిపోతోంది. ఇప్పుడు ప్రతి 32 శాంపిల్స్‌కి అసలు వాల్యూ లెక్కేసి మధ్యలో ప్రతి శాంపిల్‌కీ గెయిన్‌లో గీత, 0.67 మిల్లీసెకన్లలో వంపు ఎంత వంగుతుంది, తేడా తెలియదు. పాయింట్ గానీ ముక్క అంచు గానీ బ్లాక్ మధ్యలో వస్తే అక్కడి నుంచి 32 లెక్క మళ్లీ మొదలు, లేకపోతే బఫర్ సైజు మార్చిన ప్రతిసారీ మిక్స్ ఒక్కోలా వస్తుంది. 64 బఫర్‌తో, 1024 బఫర్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి రెండు ఫైళ్లూ పోల్చా, ఒకటే. ప్లగిన్ పారామీటర్లకి ఇది పూర్తిగా మన చేతిలో లేదు, వీఎస్‌టీ 3 అనే ప్లగిన్ ఫార్మాట్‌లో బ్లాక్ లోపల ఏ శాంపిల్ దగ్గర ఏ వాల్యూ అని లిస్ట్ పంపొచ్చు, దాన్ని ప్లగిన్ ఎంత శ్రద్ధగా చదువుతుందో ప్లగిన్ ఇష్టం.

రోజు 24

కొత్త బిల్డ్ ఫ్రెండ్‌కి పంపా. ఇప్పుడు స్క్రీన్ రీడర్ చదివేది ఇలా ఉంటుంది: "ముక్క, 1 నిమిషం 4.2 సెకన్ల నుంచి, పొడవు 0.8, పైకి 2 డీబీ." పైబాణం నొక్కితే 0.5, షిఫ్ట్‌తో అయితే 0.1. ముక్క నుంచి ముక్కకి ట్యాబ్‌తో దూకొచ్చు, దూకగానే దాని ముందు ఒక సెకను నుంచి ప్లే అవుతుంది. ఇది వాడే అడిగాడు, లేచిన మాట ఒక్కటే వింటే సరిపోయిందో లేదో తెలియదు, ముందు మాటతో కలిపి వినాలి అన్నాడు. నిజమే, నేను కూడా ఇప్పుడు మౌస్ వదిలేసి అలాగే చేస్తున్నా.

మొదటి రోజు వోకల్ ట్రాక్ మళ్లీ ఓపెన్ చేశా. పాత పాయింట్లన్నీ తీసేసి మొదటి నుంచి ముక్కలతో చేశా, 58 ముక్కలు, బేస్ గీతలో 6 పాయింట్లు. ఆ చివరి మాట 2 డీబీ పెట్టి, మర్నాడు పొద్దున వింటే ఎక్కువనిపించి 1.4కి దించా.

మిగిలినవి: టెంపో మారితే టైమ్‌లైన్ మీదున్న ముక్కలు బీట్‌తో కదలాలా సెకన్లతో ఉండాలా తేలలేదు, క్రాస్‌ఫేడ్ రూల్, బాగా జూమ్ అవుట్ చేసినప్పుడు పక్కపక్క ముక్కలు కలిసిపోయి కనపడుతున్నాయి. రేపు టెంపో సంగతి చూస్తా.